నాలుగు ఆదివారాల్లో ముగిసే పని

పెళ్లి కుదిరిన జంట పేర్లు మన సంఘాల్లో చాలాచోట్ల మూడు ఆదివారాలు వరుసగా చదువుతారు. ఆ మూడు వారాల్లో ఇంట్లో మాట్లాడుకోని విషయం ఉండదు. చీరలు, భోజనాలు, పందిరి, పత్రికలు, ఎవరిని పిలవాలి, ఎవరు అలుగుతారు అన్నీ చర్చకు వస్తాయి. సంఘ కాపరి కూడా జంటను కూర్చోబెట్టి వివాహ జీవితం గురించి నాలుగు మంచి మాటలు చెబుతారు. ఆ మాటల్లో ఇంకొక్కటి చేరాలని ఈ వారం రాస్తున్నాం. అది ఒక చిన్న మాత్ర గురించి. దాని పేరు ఫోలిక్ యాసిడ్.

పెళ్లి ప్రకటనతో మాత్రకు ఏం సంబంధం అని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. తల్లి కడుపులో బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే పని గర్భం నిలిచిన 28 రోజుల్లోపే పూర్తవుతుంది. అంటే నాలుగు ఆదివారాలు. ఆ నాలుగు ఆదివారాల్లో తల్లి ఒంట్లో ఫోలేట్ అనే విటమిన్ చాలినంత ఉండాలి. అప్పటికి తాను తల్లి కాబోతున్న సంగతి ఆమెకే సరిగా తెలియదు. తెలిసి ఆసుపత్రికి వెళ్లి మాత్రలు మొదలుపెట్టేసరికి ఆ పని ముగిసిపోయి ఉంటుంది.

28 రోజుల లెక్క

ఈ లెక్క కాస్త నిదానంగా చూద్దాం. బిడ్డ పిండంగా ఉన్నప్పుడు వీపు భాగంలో ఒక పలుచని పొర ఉంటుంది. ఆ పొర రెండు అంచులూ పైకి లేచి, దగ్గరకు వచ్చి, గొట్టంలా మూసుకుంటాయి. ఆ గొట్టం పైభాగం మెదడు అవుతుంది, కిందిభాగం వెన్నుపాము అవుతుంది. డాక్టర్లు దీన్ని న్యూరల్ ట్యూబ్ అంటారు. అది కింద సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్ను దగ్గర తెరుచుకున్న భాగంతో పుడుతుంది. దాన్ని స్పైనా బైఫిడా అంటారు. ఆ బిడ్డకు పుట్టిన వెంటనే ఆపరేషన్ అవసరం కావచ్చు. కాళ్లలో బలం లేకపోవడం, మూత్రం మీద పట్టు లేకపోవడం, తలలో నీరు చేరడం వంటి ఇబ్బందులు జీవితమంతా ఉండవచ్చు. గొట్టం పైన మూసుకోకపోతే మెదడు, పుర్రె ఏర్పడవు. ఆ బిడ్డ బతకడు.

గర్భం సాధారణంగా నెలసరి వచ్చిన రెండు వారాల తర్వాత నిలుస్తుంది. మరో రెండు వారాలకు నెల తప్పుతుంది. ఇంకో రెండు వారాలు గడిచేసరికి 28 రోజులు నిండిపోతాయి. మన ఇళ్లలో నెల తప్పిన అమ్మాయి ఏం చేస్తుంది? ఒక వారం చూద్దాం అనుకుంటుంది. తర్వాత అత్తమ్మకో అమ్మకో చెబుతుంది. ఆశ కార్యకర్తకు తెలిసి, పేరు నమోదై, పీహెచ్‌సీలో మాత్రలు చేతికొచ్చేసరికి రెండో నెలో మూడో నెలో. అప్పుడిచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు రక్తహీనతకు ఎంతో అవసరం. వాటిని మానకూడదు. కానీ వెన్ను మూసుకునే పనికి అవి ఆలస్యం.

మన దేశంలో వెయ్యి ప్రసవాల్లో సుమారు నలుగురు బిడ్డలకు ఇలాంటి లోపం ఉంటోందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి లెక్క తేల్చింది. ఫోలిక్ యాసిడ్ అందరికీ ముందుగా అందుతున్న దేశాల్లో ఈ సంఖ్య వెయ్యికి ఒకటి కంటే తక్కువ.

ఈ మాత్ర వెనుక ఒక తెలుగువాడు

ఫోలేట్ కథ మన దేశంలోనే మొదలైంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు 1928లో బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు గర్భంతో ఉన్నప్పుడు తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. వాళ్లు ఏం తింటున్నారో ఆమె ఓపికగా పరిశీలించింది. ఈస్ట్ నుంచి తీసిన సారం ఇస్తే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. ఆ సారంలోని మందు ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో శాస్త్రవేత్తలు పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. పేరులోనే ఆకుకూర ఉంది.

అయితే ఆకుల్లోంచి పిండితే వచ్చేది చాలా కొంచెం. దాన్ని ప్రయోగశాలలో తయారు చేయగలిగితేనే లోకానికి అందుతుంది. 1945లో ఆ పని సాధించింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల. ఆ పరిశోధన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన యువకుడిగా ఉన్నప్పుడు స్ప్రూ అనే జబ్బు ఆ ఇంటిని పీడించింది. తిన్నది ఒంటికి పట్టనివ్వని జబ్బు అది. దానితో ఇద్దరు అన్నదమ్ములు చనిపోయారు. ఆయనకూ ఆ జబ్బు వచ్చి, చావు తప్పి బయటపడ్డారు. ఫోలిక్ యాసిడ్ తయారయ్యాక దాన్ని స్ప్రూ రోగులకు ఇస్తే వాళ్లు కోలుకున్నారు. సొంత ఇంట్లో జరిగిన నష్టానికి మందు వెతికి లోకానికి ఇచ్చిన మనిషి ఆయన. 1948లో కన్నుమూశారు. ఈ మాత్ర పుట్టబోయే బిడ్డ వెన్నును కూడా కాపాడుతుందని తెలిసే నాటికి ఆయన లేరు.

ఆ సంగతి గట్టిగా తేలింది 1991లో. అంతకుముందే ఇలాంటి లోపంతో బిడ్డను కన్న తల్లులు 1,817 మందిని ఏడు దేశాల్లో, 33 కేంద్రాల్లో పరీక్షించారు. గర్భానికి ముందు నుంచే రోజూ 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకున్నవారిలో మళ్లీ అలాంటి బిడ్డ పుట్టే ప్రమాదం 72 శాతం తగ్గింది. ఫలితం అంత స్పష్టంగా కనిపించడంతో పరీక్షను ముందుగానే ఆపేశారు. తర్వాత చైనాలో పెద్ద ఎత్తున జరిగిన కార్యక్రమంలో రోజుకు 400 మైక్రోగ్రాములు, అంటే అందులో పదో వంతు తీసుకున్నా మామూలు స్త్రీలలో ప్రమాదం బాగా తగ్గిందని తేలింది.

కనకమామిడి దారిలో పోయే ఆకుకూరలు

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. మెహిదీపట్నం నుంచి మర్రిచెట్ల దారిలో మొయినాబాద్ దాటితే కనకమామిడి, ఆ తర్వాత చేవెళ్ల. ఈ చుట్టుపక్కల పొలాలు హైదరాబాద్‌కు కూరగాయలు, పూలు పండించి పంపే పొలాలు. పాలకూర, తోటకూర, గోంగూర, మెంతికూర, పుదీన కట్టలు తెల్లవారకముందే బండెక్కి పట్నం పోతాయి. ఫోలేట్ ఎక్కడుందని అడిగితే ఆ బండినే చూపించవచ్చు.

మరి ఆ కట్టలు కట్టిన చేతుల ఇంట్లో ఆ పూట ఏం వండుతారు? మంచి కట్టలు అమ్మకానికి పోతాయి. ఇంట్లో అన్నం ఎక్కువ, కూర తక్కువ. పొద్దున్నే పనికి పోయే ఆడమనిషి మధ్యాహ్నం డబ్బాలో అన్నం, చింతపండు పులుసో పచ్చడో పెట్టుకుని పోతుంది. అందరికీ వడ్డించాక మిగిలింది తింటుంది. ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. రక్తహీనతకు ఐరన్ లోపం ముఖ్య కారణం. ఫోలేట్, బి12 లోపాలు కూడా అందులో చేరతాయి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మన ఆహార పదార్థాల్లో ఏముందో కొలిచి 2017లో పట్టికలు ప్రచురించింది. వాటి ప్రకారం వండని పదార్థం 100 గ్రాముల్లో ఫోలేట్ సుమారుగా ఇలా ఉంది. శనగలు, అలసందల్లో 230 మైక్రోగ్రాములకు పైన. పెసల్లో 145. పాలకూరలో 142. కందిపప్పులో 108. బెండకాయలో 64. జొన్నల్లో 39. తెల్లగా పట్టిన బియ్యంలో 9.

చివరి రెండు అంకెలు మళ్లీ చూడండి. మన తాతలు తిన్న జొన్న రొట్టెలో, మనం తినే అన్నం కంటే నాలుగు రెట్లు ఫోలేట్ ఉంది. జొన్న రొట్టె, పాలకూర పప్పు కలిపి తిన్న పాత రోజుల భోజనం పేదవాళ్ల భోజనమే. కానీ ఫోలేట్ లెక్కలో అది ఈనాటి సన్నబియ్యం భోజనం కంటే మెరుగు.

మామూలు స్త్రీకి రోజుకు 220 మైక్రోగ్రాముల ఫోలేట్ కావాలని 2020లో భారత వైద్య పరిశోధన మండలి నిర్ణయించింది. గర్భిణికి 570 కావాలి. వండేటప్పుడు ఫోలేట్ కొంత పోతుంది. అది నీటిలో కరుగుతుంది, ఎక్కువసేపు మరిగితే విరుగుతుంది. అందుకే ఆకుకూరను తరిగిన తర్వాత కడగకుండా, కడిగిన తర్వాత తరగాలి. కొద్ది నీళ్లతో, మూత పెట్టి, తక్కువసేపు ఉడికించాలి. ఉడికిన నీళ్లు పారబోయకూడదు. శనగలు, అలసందలు నానబెట్టి గుగ్గిళ్లు చేసుకుంటే చవక, రుచి, బలం మూడూ ఉంటాయి.

ఇలా తింటే రోజువారీ అవసరం తీరుతుంది. కానీ ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. బిడ్డ వెన్ను కాపాడటానికి ఆహారం ఒక్కటే చాలుతుందని డాక్టర్లు చెప్పరు. ఆహారంలోని ఫోలేట్ ఒంటికి పూర్తిగా పట్టదు. మాత్రలోది బాగా పడుతుంది. అందుకే మంచి భోజనం చేసే స్త్రీకి కూడా గర్భానికి ముందు మాత్ర చెబుతారు.

రేషన్ బియ్యంలో కలిపిన గింజలు

అందరికీ ముందుగా మాత్ర ఇవ్వడం కష్టమని గ్రహించిన దేశాలు ఇంకో దారి పట్టాయి. అందరూ తినే పదార్థంలోనే ఫోలిక్ యాసిడ్ కలిపాయి. అమెరికా 1998 జనవరి 1 నుంచి గోధుమపిండి వంటి వాటిలో 100 గ్రాములకు 140 మైక్రోగ్రాములు కలపాలని చట్టం చేసింది. దానివల్ల ఏడాదికి దాదాపు 1,300 మంది బిడ్డలకు ఈ లోపాలు తప్పుతున్నాయని అక్కడి ఆరోగ్య సంస్థ అంచనా. చిలీ 2000లో ఈ పని చేసింది. ప్రపంచ ఆరోగ్య మహాసభ 2023 మేలో అన్ని దేశాలూ ఈ దారి పట్టాలని తీర్మానించింది. ఇది మనకు కొత్త ఆలోచన కాదు. గొంతువాపు పోవడానికి ఉప్పులో అయోడిన్ కలిపి అమ్ముతున్న దేశం మనది.

మన ప్రభుత్వం ఎంచుకున్నది బియ్యం. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ఎర్రకోట మీద నుంచి, పేదలకు పథకాల ద్వారా ఇచ్చే బియ్యాన్ని 2024 నాటికి బలవర్ధకం చేస్తామని ప్రకటించారు. దాన్నే ఫోర్టిఫైడ్ బియ్యం అంటున్నారు. దాని తయారీ ఇలా ఉంటుంది. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి ముద్ద చేసి, యంత్రంతో మళ్లీ బియ్యపు గింజల ఆకారంలో నొక్కుతారు. అలాంటి గింజ ఒకటి, మామూలు గింజలు వంద చొప్పున కలుపుతారు.

ఈ గింజలు కాస్త రంగు తేడాగా కనిపిస్తాయి. నీళ్లలో కొన్ని తేలుతాయి. అందుకే ప్లాస్టిక్ బియ్యం అని ఊరూరా పుకారు పుట్టింది. చాటలో చెరిగి వాటిని ఏరి పారేసిన ఇళ్లున్నాయి. ఏరి పారేస్తున్నది ప్లాస్టిక్ కాదు, మన ఇంటి ఆడపిల్లలకు ప్రభుత్వం పంపిన విటమినే. సంచి మీద ప్లస్ ఎఫ్ అనే గుర్తు ఉందేమో చూడండి. ఆ గుర్తు ఉంటే గింజలు ఏరవద్దు. పదేపదే కడగవద్దు. గంజి వార్చకుండా వండుకోండి. ఇంట్లో తలసీమియా గానీ సికిల్ సెల్ గానీ ఉన్నవారుంటే, ఐరన్ కలిపిన బియ్యం గురించి వారి డాక్టరును అడగండి.

అయితే ఈ బియ్యం తింటున్నాం కాబట్టి మాత్ర అక్కర్లేదు అనుకుంటే పొరపాటు. మన ఆహార భద్రత సంస్థ నియమం ప్రకారం కేజీ ఫోర్టిఫైడ్ బియ్యంలో ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు ఉండాలి. ఒక స్త్రీ రోజుకు 350 గ్రాముల బియ్యం వండుకుని తింటే ఆమెకు చేరేది సుమారు 26 నుంచి 44 మైక్రోగ్రాములు. వెన్ను రక్షణకు కావలసింది 400. అంటే పదో వంతుకు అటూ ఇటూ. అమెరికా పిండిలో కలిపేది కేజీకి 1,400. మన బియ్యంలో కలిపేది దానికి పదో వంతు కంటే తక్కువ. కాబట్టి బియ్యం మేలు చేస్తుంది, కానీ ఈ పని దానితో పూర్తి కాదు.

ఇంకా మంచి దారుల కోసం వెతుకుతున్నారు. దక్షిణ భారత గ్రామాల్లో 83 మంది స్త్రీలకు నాలుగు నెలల పాటు ఫోలిక్ యాసిడ్ కలిపిన అయోడిన్ ఉప్పు ఇచ్చి చూశారు. వారి రక్తంలో ఫోలేట్ మూడు రెట్లకు పైగా పెరిగిందని 2024లో ప్రచురించారు. మహారాష్ట్రలోని సాంగ్లీలో టీ పొడిలో కలిపి చూశారు. ఉప్పు వాడని ఇల్లు, టీ తాగని ఇల్లు మన దగ్గర అరుదు. ఇవి అందరికీ అందే రోజు రావచ్చు. ఆ రోజు వచ్చేదాకా ఉన్న దారి మాత్రే.

ఎవరికి ఎంత?

మన ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఈ మాత్ర ఎప్పటినుంచో ఉంది. పిల్లలు కావాలనుకుంటున్న స్త్రీ గర్భానికి ముందు నుంచి మొదటి మూడు నెలలు పూర్తయ్యేదాకా రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలి. నాలుగో నెల నుంచి ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్ర 180 రోజులు తీసుకోవాలి. బిడ్డ పుట్టాక మరో 180 రోజులు. గర్భం లేని స్త్రీలకు వారానికొకటి ఎర్రమాత్ర, కౌమార వయసు ఆడపిల్లలకూ మగపిల్లలకూ వారానికొకటి నీలిమాత్ర ఇవ్వాలని 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం చెబుతోంది. పెళ్లికి కనీసం ఒకటి రెండు నెలల ముందు నుంచి రోజువారీ మాత్ర మొదలుపెడితే మంచిది.

కొందరు స్త్రీలకు ప్రమాదం ఎక్కువ. వారికి ఈ 400 చాలదు. ముందు కాన్పులో ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టినవారు, భార్యాభర్తల్లో ఎవరికైనా లేదా దగ్గరి బంధువుల్లో ఈ లోపం ఉన్నవారు, మూర్ఛకు మందులు వాడుతున్నవారు, షుగర్ ఉన్నవారు, బాగా లావుగా ఉన్నవారు, సికిల్ సెల్ లేదా తలసీమియా ఉన్నవారు, తిన్నది ఒంటికి పట్టని పేగు జబ్బు ఉన్నవారు ఇందులోకి వస్తారు. వీరిలో చాలామందికి డాక్టర్లు పన్నెండింతలకు పైగా పెద్ద మోతాదు, అంటే 5 మిల్లీగ్రాముల మాత్ర రాస్తారు. మందుల దుకాణంలో ఎక్కువగా దొరికేది కూడా ఈ 5 మిల్లీగ్రాముల మాత్రే. అది డాక్టరు రాస్తేనే వాడాలి.

మూడు హెచ్చరికలు గుర్తుంచుకోండి. మూర్ఛ మందుల్లో కొన్ని, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్, బిడ్డకు హాని చేయగలవు. అలాగని ఆ మందును సొంతంగా ఆపితే తల్లి ప్రాణానికే ప్రమాదం. పెళ్లికి ముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్చుకునే వీలుందేమో చూసుకోవాలి. రెండోది, కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్నవారు. ఆ మందు ఫోలేట్ పనిని అడ్డుకుంటుంది. దాన్ని వాడుతూ గర్భం దాల్చకూడదు. మూడోది, బి12. మాంసం, గుడ్లు, పాలు తక్కువ తినేవారిలో ఈ విటమిన్ లోపం ఎక్కువ. ఒక్క ఫోలిక్ యాసిడే ఎక్కువ మోతాదులో వాడితే రక్తహీనత తగ్గినట్టు కనిపించి, బి12 లోపం లోపల్లోపల నరాలను దెబ్బతీయవచ్చు. కాళ్లు చేతులు తిమ్మిర్లు ఉంటే డాక్టరుకు చెప్పి పరీక్ష చేయించుకోవాలి.

ఆసుపత్రికి ముందే సంఘానికి తెలుస్తుంది

ఈ పత్రిక సంపాదకీయంలో ఈ సంగతంతా ఎందుకు? ఒకే కారణం. ఒక అమ్మాయి తల్లి కాబోతున్న సంగతి అంగన్‌వాడీకి రెండో నెలలోనో మూడో నెలలోనో తెలుస్తుంది. సంఘానికి అంతకంటే ఎంతో ముందు తెలుస్తుంది. ఆమెకు పెళ్లి కుదిరినప్పుడే తెలుస్తుంది. పిల్లలు కలగాలని ప్రార్థన కోరిక చీటీ రాసి ఇచ్చినప్పుడే తెలుస్తుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సంతానం కోసం మోకరించే సహోదరి ఎవరో పాస్టరమ్మకు తెలుసు, పీహెచ్‌సీకి తెలియదు. ఈ మాత్ర ఎవరికి ఎప్పుడు అవసరమో ఆ సమయానికి వారితో మాట్లాడగలిగే వారు ఊళ్లో చాలా తక్కువ. వారిలో మనం ఒకరం.

కాబట్టి సంఘాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వివాహానికి ముందు జంటకు ఇచ్చే సలహాల్లో ఫోలిక్ యాసిడ్ మాట చేర్చండి. వధువుతో పాటు వరుడికీ చెప్పండి, ఎందుకంటే మాత్ర కొని తేవాల్సింది, మరచిపోతే గుర్తు చేయాల్సింది అతడే. సంతానం కోసం ప్రార్థన కోరిన దంపతులకు, ప్రార్థన తర్వాత ఈ సంగతి మెల్లగా చెప్పండి. ఉపవాసం ఉన్న రోజు సాయంత్రం భోజనం తర్వాత మాత్ర వేసుకోవచ్చని చెప్పండి. స్త్రీల సమాజం కూటానికి ఒకసారి మీ ఊరి ఏఎన్ఎమ్మునో ఆశ కార్యకర్తనో పిలవండి. వారు మన మధ్యే తిరిగేవారు, పిలిస్తే వస్తారు. ప్రేమ విందులో ఒక పాలకూర పప్పో అలసంద గుగ్గిళ్లో చేర్చండి. పొలంలో ఆకుకూర పండించే కుటుంబాలు అమ్మకానికి కట్టలు కట్టే ముందు ఇంటికి ఒక కట్ట పక్కన పెట్టుకోవాలి. ఆ కట్ట ఖరీదు తక్కువే.

నింద వద్దు

చివరగా, కొందరు తల్లులు ఈ వ్యాసం చదువుతూ గుండె పట్టుకుంటారని మాకు తెలుసు. అలాంటి బిడ్డను కని పోగొట్టుకున్నవారు, అలాంటి బిడ్డను మోస్తూ పెంచుతున్నవారు మన సంఘాల్లో ఉన్నారు. అమ్మా, ఇది మీ తప్పు కాదు. ఈ మాత్ర గురించి మీకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే వేసుకునేవారే. అంతేకాదు, మాత్ర వేసుకున్నవారిలో కూడా కొందరికి ఈ లోపం వస్తుంది. అది ప్రమాదాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా తీసివేయదు. జన్యువులు, ఇతర కారణాలు కూడా ఉంటాయి.

బిడ్డ లోపంతో పుడితే తల్లి చేసిన పాపమో, గ్రహణం పూట బయటికి వచ్చిందనో, వంశానికి శాపమనో అనే మాటలు మన ఇళ్లలో ఇంకా వినబడుతున్నాయి. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు అడిగిన ప్రశ్న మనకు తెలుసు. ఎవరి పాపమో తేల్చమన్న ఆ ప్రశ్నను ప్రభువు తోసిపుచ్చిన సంగతీ తెలుసు. ఆ జవాబు చదివిన సంఘంలో ఏ తల్లినీ వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. చేయాల్సింది వేరే ఉంది. ఆ బిడ్డ చక్రాల కుర్చీ మందిరం లోపలికి వచ్చేలా మెట్ల పక్కన ఒక వాలుదారి కట్టాలి. సండే స్కూల్‌లో ఆ బిడ్డకు చోటు ఉండాలి. మరో కాన్పుకు సిద్ధపడుతున్న ఆ తల్లిని ముందుగానే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. ఆమెకు పెద్ద మోతాదు మాత్ర అవసరం.

వచ్చే ఆదివారం మీ సంఘంలో పెళ్లి ప్రకటన చదివితే, ఆరాధన ముగిశాక ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లి శుభాకాంక్షలు చెప్పండి. ఆ తర్వాత ఈ మాత్ర సంగతి కూడా చెప్పండి.